రూట్ కెనాల్‌లో లేజర్ లైట్ పెట్టించుకోవాలా?

ప్రశ్న: అమ్మకి పై దవడ పెద్ద పన్నుకి నాలుగేళ్ల కింద రూట్ కెనాల్ చేయించాం, ఇప్పుడు చిగురు మీద మళ్ళీ చీముపొక్కు. తెరిచి శుభ్రం చేసి, నీలం మందు పోసి ఎర్ర లైట్ పెడతాం, దానికి వేరే ఖర్చు అంటున్నారు. నిజంగా పనిచేస్తుందా? అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది.

జవాబు: నేను డెంటిస్టుని. ఆ నీలం మందు ఎక్కువగా మిథిలీన్ బ్లూ. అది బ్యాక్టీరియాకి పట్టుకుంటుంది, దాని మీద 660 నానోమీటర్ల దగ్గరి ఎర్ర కాంతి పడగానే అక్కడున్న ఆక్సిజన్ చురుకైన రూపంలోకి మారి బ్యాక్టీరియా పొరను దెబ్బతీస్తుంది, అంతేగానీ వేడితో కాల్చడం కాదు, అమ్మగారికి ఆ భయం వద్దని చెప్పండి. కానీ ఇది అదనపు సాయం మాత్రమే. సోడియం హైపోక్లోరైట్‌తో (పన్ను లోపల క్రిములను చంపే కడిగే మందు) బాగా కడగకుండా లైట్ ఒక్కటే పెడితే లాభం లేదు. ఇంకోటి, పై మొదటి పెద్ద పన్నులో నాలుగో కాలువ (వేరు లోపల నరం ఉండే దారి) తరచుగా ఉంటుంది, సన్నగా ఉండి తేలిగ్గా దొరకదు. మొదటిసారి అదే మిగిలిపోయిందేమో ముందు అడగండి.

ఇంకో జవాబు: నాకు చేశారు, లైట్ పెట్టినప్పుడు నొప్పి ఏమీ తెలియలేదు. రంగు సరిగ్గా కడగకపోతే పన్ను నీలంగా కనిపించొచ్చు, అది మాత్రం చెప్పి కడిగించుకోండి. రబ్బర్ డ్యామ్ (పన్ను చుట్టూ వేసే పల్చటి రబ్బరు తెర) వేస్తారో లేదో కూడా అడగండి, లాలాజలం లోపలికి పోతే చేసిన శుభ్రమంతా వృథా.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్స్ అండీ. నాలుగో కాలువ సంగతి రేపే అడుగుతాను.