"ఠావుల్ దప్పెను": మిథైల్ గుర్తులకు ఈ మాట చెల్లుతుందా?

హనుమకొండ నుంచి: క్యాన్సర్ రోగుల కుటుంబాల కోసం డీఎన్ఏ మిథైలేషన్ (డీఎన్ఏపై మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు చేరడం) పరీక్షల గురించి తెలుగులో "ఆయుష్షు చెప్పే గుర్తులు" అన్న పేరుతో ఒక కరపత్రం రాస్తున్నాను. కణితిలో మిథైల్ గుర్తులు ఉండవలసిన చోట చెరిగిపోయి, ఉండకూడని చోట చేరతాయని రాయబోయిన ప్రతిసారీ పోతన గజేంద్రుడి "ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను" (ప్రాణాలు చోటు తప్పాయి) అన్న మాటే మనసులో మెదులుతున్నది. మా నాన్నగారు మాత్రం "తావుల్" అని చదివేవారు. ఏది సరైన పాఠం? "గుర్తులు ఠావులు తప్పాయి" అనవచ్చునా?

పాలకుర్తి నుంచి: అక్కా, ఠకారమే. శార్దూలంలో 13వ అక్షరం యతిస్థానం. ఆ పాదంలో అక్కడ "డస్సెన్" ఉన్నది. ఠ, డ ఒకే వర్గం కనుక యతి కుదిరింది, తకారం పెడితే చెడుతుంది. బమ్మెర మా మండలంలోనిదే కాబట్టి ఈ పద్యం మీద మాకు కొంత పట్టుదల ఎక్కువ.

జమ్మికుంట నుంచి: యతి సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇవాళ ఠావు అంటే చాలామందికి అరఠావు కాగితమే గుర్తుకు వస్తుంది. మా వైపు రోగి బంధువుకు "జాగ" అంటేనే తెలుస్తుంది.

వరంగల్ నుంచి: నా అభ్యంతరం ఠావు మీద కాదు, "తప్పెను" మీద. కణితిలో జన్యుపదార్థమంతటా మిథైలేషన్ మొత్తం మీద తగ్గుతుంది, కొన్ని జన్యువుల ప్రమోటర్ల (జన్యువు పనిని మొదలుపెట్టించే భాగాల) దగ్గర మాత్రం పెరుగుతుంది. ఒక చోటి గుర్తు లేచి మరో చోటికి వెళ్లదు.

పాలకుర్తి నుంచి: సార్, మాట తప్పినవాడి మాట ఎక్కడికైనా వెళుతుందా? అదుపు తప్పడంలోనూ ప్రయాణం లేదు. ఉండవలసిన తీరు చెడడమే తప్పడం. గజేంద్రుడి ప్రాణాలకు జరిగిందీ అదే.

వరంగల్ నుంచి: ఆ వాదన బాగున్నది. అయితే కరపత్రానికి "ఆయుష్షు చెప్పే గుర్తులు" అన్న పేరు మాత్రం వద్దు, అది నొసటి వ్రాతలా వినిపిస్తుంది. 2005లో వెలువడిన గ్లయోబ్లాస్టోమా (ఒక రకం మెదడు క్యాన్సర్) అధ్యయనాన్ని చూడండి. ఎమ్‌జీఎమ్‌టీ అనే జన్యువు ప్రమోటర్‌పై మిథైల్ గుర్తు ఉన్నవారిలో, రేడియేషన్‌తో పాటు టెమోజోలమైడ్ అనే మందు పొందినవారి మధ్యగత మనుగడ 21.7 నెలలు, రేడియేషన్ మాత్రమే పొందినవారిది 15.3 నెలలు. ఆ గుర్తు వల్ల ఆ జన్యువు మూగబోతే, మందు కణితి డీఎన్ఏకు చేసిన గాయాన్ని మరమ్మతు చేసే ఎంజైము తయారు కాదు. అంటే ఆ గుర్తు మందు పడుతుందా అన్నదీ చెబుతున్నది, వ్యాధి నడక ఎలా ఉంటుందన్నదీ చెబుతున్నది. ఈ రెండింటికీ వేర్వేరు తెలుగు మాటలు కావాలి. పైగా మధ్యగతమంటే సగం మంది అంతకన్నా ఎక్కువకాలం జీవించారని అర్థం. అది ఒక్క మనిషికి పెట్టిన గడువు కాదు.

జమ్మికుంట నుంచి: మొదటిదానికి "మందు పట్టు సూచిక", రెండవదానికి "వ్యాధిగతి సూచిక" అనండి.

పాలకుర్తి నుంచి: "గతి" అన్న మాట వినగానే రోగికి "ఇక ఇంతే గతి" అన్నదే తోస్తుంది. "నడక" మేలు.

హనుమకొండ నుంచి: పేరు తీసివేశాను. "నడక" పెట్టి చూస్తాను. ఠావా, జాగా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. నాన్నగారి "తావు" కూడా ఇంకా మనసులోనే ఉన్నది.

పాలకుర్తి నుంచి: తావు అనే రాయండి అక్కా, వచనంలో యతి అడ్డు రాదు. పద్యాన్ని ఎత్తిచూపితే మాత్రం దయచేసి ఠకారం మార్చకండి.