రోడ్డు లేని చోట సర్వే: చివరిదాకా జీపులోనా, నడిచా?

పాతరాయి:
నంద్యాల వైపు రాతియుగం పనిముట్ల కోసం పొలాల్లో, కొండ అంచుల్లో తిరుగుతున్నాం. మొన్న వాన పడ్డాక జీపు నల్లరేగడిలో దిగబడింది. ట్రాక్టర్ తెచ్చి లాగించేసరికి చీకటి పడింది. ఇకమీదట రోడ్డు మీదే ఆపి నడుద్దామని సగం మంది అంటున్నారు. మీరేమంటారు?

స్టీరింగ్:
బండి పోవాల్సిందే. నీళ్ల క్యాన్లు, జల్లెళ్లు మోసుకుంటూ ఎండలో నడిచాక నేలను ఓపిగ్గా ఎవరు చూస్తారు? తేడా అంతా నడిపేదాంట్లో ఉంది. బ్రిటిష్ సైనికాధికారి రాల్ఫ్ బాగ్నోల్డ్ 1930 ప్రాంతంలో ఫోర్డ్ మోడల్ ఏ కార్లతో ఈజిప్టు ఎడారిలోని ఇసుక సముద్రంలోకి దిగాడు. ఫోర్ వీల్ డ్రైవ్ కూడా లేని కార్లవి. టైర్లలో గాలి తగ్గించేవాడు, దిగబడితే చక్రాల కింద ఇనుప రేకులు వేసేవాడు.

రేగడి:
అన్నా, ఇసుకలో పనికొచ్చిన ఉపాయం రేగట్లో పనికిరాదు. ఇసుకలో గాలి తీస్తే టైరు వెడల్పై తేలుతుంది. తడి రేగడేమో గాట్లన్నీ నింపేసి టైరును నున్నగా చేస్తుంది. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల బురదే. పైగా బాగ్నోల్డ్ ఒంటి కారుతో పోలేదు.

ఇంకో సంగతి. దిగబడ్డ బండి కింద వేయడానికి చుట్టుపక్కల రాళ్లు ఏరతాం కదా, వాటిలో పనిముట్లు లేవని ఎవరు చూశారు? మన నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల నాడు ఇండోనేషియాలో టోబా అగ్నిపర్వతం పేలి వచ్చి పడ్డ బూడిద పొరకు పైనా, కిందా పనిముట్లు దొరికాయి. ఏ రాయి ఎక్కడుందో తెలియబట్టే ఆ తవ్వకానికి అంత విలువ.

స్టీరింగ్:
నడిస్తే మాత్రం పాడవదా? పెరూలో ఎడారి నేల మీద పూర్వం గీసిన పెద్ద పెద్ద బొమ్మలు, అదే నాజ్కా గీతల దగ్గర 2014లో మచ్చ పడింది పర్యావరణ కార్యకర్తల అడుగులతోనే!

రేగడి:
అదే నాజ్కాలో 2018లో ఒక లారీ మూడు బొమ్మల్లో కొంత భాగం తొక్కేసింది. రెండూ ఒకటేనా?

కొండదారి:
డ్రైవర్‌ను ఎవరైనా అడిగారా? "ఇంకొంచెం పోనీ" అనేది వెనక సీట్లో సార్లు, దిగబడితే తిట్లు అతనికి. మా టీమ్‌లో డ్రైవర్ ఆపిన చోట దిగాల్సిందే. బరువు సామానుకి ఊళ్లో ఎద్దుబండి మాట్లాడుకుంటాం, అది పాత బండిదారి దాటదు.

పాతరాయి:
ఎద్దుబండి మాట నచ్చింది, ఊళ్లో అడుగుతాను. డ్రైవర్ మాట మా సార్‌తో ఒప్పించడమే టెన్షన్.