వైద్య విద్యలో కృత్రిమ మేధ: చిన్న కళాశాలలో చేయదగిన పరిశోధన ఏది?

ప్రశ్న: ఫిజియాలజీ అధ్యాపకురాలు, గుంటూరు

మా మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్ తరఫున కృత్రిమ మేధపై ఒక అధ్యయనం చేపట్టాలని అనుకుంటున్నాము. ఇంటర్నల్ పరీక్షల బహుళైచ్ఛిక ప్రశ్నలను చాట్‌జీపీటీకి ఇచ్చి, దాని మార్కులను మొదటి సంవత్సరం విద్యార్థుల మార్కులతో పోల్చాలన్నది నా ప్రతిపాదన. అలాంటి వ్యాసాలు ఇప్పటికే కోకొల్లలని సహోద్యోగి ఒకరు అన్నారు. ఈ రంగంలో పరిశోధన ఇప్పుడు ఎటు సాగుతోందో, ప్రత్యేక నిధులు లేకుండా మేము ఏమి చేయగలమో దయచేసి తెలుపగలరు.

జవాబు 1: జనరల్ మెడిసిన్, హైదరాబాద్

మేడమ్, మీ సహోద్యోగి మాట నిజమే. 2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైతే, అమెరికా వైద్య లైసెన్సు పరీక్షలో అది ఉత్తీర్ణత అంచుకు చేరిందన్న వ్యాసం 2023 ఫిబ్రవరికే అచ్చయింది. మన ఎయిమ్స్, నీట్ పీజీ ప్రవేశ పరీక్షల ప్రశ్నలను 1,94,000కు పైగా సేకరించిన మెడ్‌ఎంసీక్యూఏ అనే ప్రశ్నల భాండారం 2022 నుంచే అందరికీ అందుబాటులో ఉంది. కాబట్టి మీరు అడిగే ప్రశ్నను యంత్రం ముందే చూసి ఉండవచ్చు, అప్పుడు ఆ మార్కులకు అర్థమే ఉండదు.

నన్ను ఆలోచింపజేసింది 2024లో జామా నెట్‌వర్క్ ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చిన యాదృచ్ఛిక అధ్యయనం (పాల్గొన్నవారిని చీటీ వేసినట్టు బృందాలుగా విడదీసి పోల్చేది). అందులో 50 మంది వైద్యులు పాల్గొన్నారు. జీపీటీ-4 (చాట్‌జీపీటీ నమూనా) తోడుగా ఉన్నవారి రోగనిర్ధారణ స్కోరు 76 శాతం, మామూలు వనరులు మాత్రమే వాడినవారిది 74 శాతం. యంత్రం ఒక్కటే చేసినప్పుడు 92 శాతం. అంటే పరికరం చేతిలో ఉన్నా దాన్ని వాడుకోవడం వైద్యులకు అలవాటు కాలేదు. ఆ అలవాటును తరగతిలో ఎలా నేర్పాలన్నది ఇప్పటి ప్రశ్న.

జవాబు 2: సర్జరీ, విశాఖపట్నం

దీనికి రెండో పార్శ్వం కూడా ఉంది. మెక్‌గిల్ విశ్వవిద్యాలయం వారు 70 మంది వైద్య విద్యార్థులతో, మెదడు కణితిని తొలగించే సిమ్యులేషన్‌పై చేసిన 2022 నాటి అధ్యయనంలో, కృత్రిమ మేధ శిక్షకుడి వద్ద నేర్చుకున్నవారు నిపుణుల దూర బోధన పొందినవారికంటే మెరుగైన స్కోరు సాధించారు. అయితే 2025లో పోలండ్ నుంచి వచ్చిన ఫలితం చూడండి: కృత్రిమ మేధ సాయానికి అలవాటు పడిన తరువాత, ఆ సాయం లేకుండా చేసిన కొలనోస్కోపీలలో (పెద్దపేగును కెమెరాతో చూసే పరీక్షలలో) అడినోమాలను, అంటే క్యాన్సర్‌గా మారగల గడ్డలను, గుర్తించే రేటు 28.4 శాతం నుంచి 22.4 శాతానికి తగ్గింది. అది జరిగినదాన్ని గమనించి నమోదు చేసిన పరిశీలనాత్మక అధ్యయనమే కనుక కారణం ఇదేనని తేల్చి చెప్పలేము. అయినా వారు చేయి తిరిగిన వైద్యులు. నైపుణ్యం ఇంకా పట్టుబడని విద్యార్థి సంగతి ఏమిటన్నదే నా బెంగ.

జవాబు 3: కమ్యూనిటీ మెడిసిన్, వరంగల్

మేడమ్, మీకు నిధులకంటే భాషే పెద్ద ఆస్తి. రోగి పాత్ర పోషించే చాట్‌బాట్‌లపై పరిశోధన పెరుగుతోంది గాని, అందులో ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే జరుగుతోంది. మన ఓపీకి వచ్చే రోగి ‘వేడి చేసింది’, ‘గుండె దడగా ఉంది’, ‘నీరసం’, ‘ఆయాసం’ అంటాడు. పాఠ్యపుస్తకం ఇంగ్లీషులో చదివిన విద్యార్థి వీటిని లక్షణాలుగా విడదీయలేక తడబడతాడు. ఒక బృందం తెలుగు చాట్‌బాట్‌తో, మరొకటి తోటి విద్యార్థులతో హిస్టరీ తీసుకోవడం (రోగిని అడిగి జబ్బు వివరాలు రాబట్టడం) సాధన చేయాలి. ఆరు వారాల తరువాత ఎవరు ఏ బృందమో తెలియని పరీక్షకుల ఎదుట ఓస్కీ (నిర్ణీత అంశాలపై మార్కులు వేసే క్లినికల్ నైపుణ్య పరీక్ష) పెట్టాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. నిజమైన రోగుల కేసు షీట్లు చాట్‌బాట్‌కు ఇవ్వవద్దు. కృత్రిమ మేధపై ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2023లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాలను ముందుగా చదవండి.

ప్రశ్న అడిగినవారు: అందరికీ కృతజ్ఞతలు. మార్కులు పోల్చే ఆలోచన విరమించుకుంటున్నాను. ముందుగా చాట్‌బాట్ తెలుగు మన ఓపీ తెలుగులా ఉందో, గ్రాంథికంగా ఉందో చూడాలి. వరంగల్ సర్, మీ ప్రాంతంలో రోగులు వాడే మాటల జాబితా ఒకటి పంపగలరా? గుంటూరు మాటలు నేను సేకరిస్తాను.