లాక్టోకాకస్ పాలను తోడు పెట్టడం మానేసింది, లాక్‌జి జీన్ బ్యాండ్ రావడం లేదు

ప్రశ్న (అనంతపురం)
పెరుగు నుంచి వేరుచేసిన లాక్టోకాకస్ లాక్టిస్ అనే బ్యాక్టీరియా ఇది. మొదట్లో 30 డిగ్రీల దగ్గర రాత్రికి రాత్రే పాలు గట్టిగా తోడుకునేవి. 0.5 శాతం గ్లూకోజ్ వేసిన ఎం17 (దీన్ని పెంచే ద్రవ మాధ్యమం)లో కొత్త ట్యూబుకు 20 సార్లు మార్చాక పాలు పాలుగానే ఉంటున్నాయి. జాతిని గుర్తించే 16ఎస్ జీన్ సీక్వెన్స్ అదే, కల్తీ లేదు. పీసీఆర్‌లో (ఎంచుకున్న డీఎన్‌ఏ ముక్కను పెంచి చూసే పరీక్ష) పాల చక్కెర లాక్టోజ్‌ను విడగొట్టే లాక్‌జి, లాక్‌జెడ్ జీన్లు రెండూ లేవు. ప్రైమర్లు (ఆ ముక్కను పట్టుకునే చిన్న డీఎన్‌ఏ పోగులు) మార్చాలా?

జవాబు (కర్నూలు)
ప్రైమర్లు కాదన్నా, జీనే పోయుంటుంది. లాక్‌జెడ్‌ను పక్కన పెట్టండి, అది థర్మోఫిలస్, బల్గారికస్ అనే వేరే పెరుగు బ్యాక్టీరియాల పద్ధతి: లాక్టోజ్‌ను ఉన్నదున్నట్టు లోపలికి తెచ్చుకుని బీటా గెలాక్టోసిడేజ్ ఎంజైమ్‌తో విడగొడతాయి. లాక్టోకాకస్ అయితే లోపలికి లాగేటప్పుడే లాక్టోజ్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. ఆ లాక్టోజ్-6-ఫాస్ఫేట్‌ను విడగొట్టే ఫాస్ఫో బీటా గెలాక్టోసిడేజ్ జీనే లాక్‌జి. పాలలో పెరిగే చాలా స్ట్రెయిన్లలో ఈ జీన్ల వరుస ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ) మీదే ఉంటుంది. గ్లూకోజ్ దొరుకుతుంటే ఆ ప్లాస్మిడ్‌తో పనిలేదు. దాన్ని వదిలేసిన కణాలే ట్యూబంతా నిండిపోతాయి. ఎన్‌సీడీఓ 712 అనే స్ట్రెయిన్‌లోని 55 కేబీ (55 వేల బేస్ జతల) ప్లాస్మిడ్ మీద లాక్ జీన్లతో పాటు పాల ప్రోటీన్ అయిన కేసిన్‌ను కోసే ప్రోటీనేజ్ జీన్, పీఆర్‌టీపీ కూడా ఉంది. మీదాంట్లోనూ రెండూ ఒకేసారి పోయుండొచ్చు.

జవాబు (కడప)
అది తేల్చడానికి నాలుగు ట్యూబులు చాలు. 10 శాతం స్కిమ్ మిల్క్: ఒకటి ఉత్తది, ఒకదాంట్లో 0.5 శాతం గ్లూకోజ్, ఒకదాంట్లో 0.25 శాతం కేసిన్ హైడ్రోలైసేట్ (ముందే ముక్కలు చేసిన కేసిన్), నాలుగోదాంట్లో రెండూ. గ్లూకోజ్‌ను పాలతో కలిపి ఆటోక్లేవ్ చేస్తే గోధుమరంగు తిరుగుతుంది, విడిగా చేసి కలపండి. కణాలను సెలైన్‌తో రెండుసార్లు కడగకపోతే ఎం17లోని గ్లూకోజ్, పెప్టైడ్లు వెంటవచ్చి ఫలితం చెడగొడతాయి. కడిగిన కణాలను 1 శాతం వేసి, 30 డిగ్రీల దగ్గర 18 గంటలు ఉంచండి. గ్లూకోజ్‌తో తోడుకుంటే లాక్ పోయింది, హైడ్రోలైసేట్‌తో తోడుకుంటే పీఆర్‌టీపీ పోయింది, నాలుగోది మాత్రమే తోడుకుంటే రెండూ పోయాయి. ఎండాకాలం మన గదుల్లో బల్ల మీద వదలొద్దు. 40 దగ్గర లాక్టోకాకస్ సరిగా పెరగదు, వేడికి ప్లాస్మిడ్లు ఇంకా తొందరగా పోతాయి.

ప్రశ్న (అనంతపురం)
నాలుగోది మాత్రమే తోడుకుంది. వెనక్కి తెచ్చుకునే దారి ఉందా?

జవాబు (కర్నూలు)
ఈ ట్యూబులో ఎన్ని రోజులు పాలు పోసినా పోయిన ప్లాస్మిడ్ తిరిగి పుట్టదు. మీ దగ్గరున్న అన్నిటికన్నా పాత గ్లిసరాల్ స్టాక్ తీసి, బ్రోమోక్రెసాల్ పర్పుల్ (ఆమ్లం తగిలితే పసుపు తిరిగే రంగు) వేసిన లాక్టోజ్ అగార్ మీద పలచగా పరచండి. పసుపు కాలనీలే మీకు కావాల్సినవి, తెల్లవి ప్లాస్మిడ్‌ను వదిలేసినవి. దీనికి ఎం17 అగార్ వాడొద్దు, అందులోని గ్లిసరోఫాస్ఫేట్ ఆమ్లాన్ని మింగేసి రంగు తిరగనివ్వదు. పసుపు కాలనీని నేరుగా స్కిమ్ మిల్క్‌లో పెంచి, తోడుకున్నాక 20 శాతం గ్లిసరాల్‌తో మైనస్ 80లో పది వయల్స్ పెట్టుకోండి. ప్రతి ప్రయోగానికీ కొత్త వయల్ తీయండి, గ్లూకోజ్ జోలికి వెళ్లొద్దు.