టోల్ కట్టినందుకు మన రాకపోకల చిట్టా కూడా అప్పగించాలా?

ప్రశ్న

టోల్ గేటు దాటిన ప్రతిసారీ అద్దానికి అతికించిన ట్యాగ్ సంఖ్య, గేటు పేరు, తేదీ, సమయం నమోదవుతాయి. రుసుము వసూలైపోయాక కూడా ఆ వివరాలను దాచి ఉంచడం సమంజసమేనా? నంబరు ప్లేటు ఎలాగూ అందరికీ కనిపించేదే కదా, ఇక గోప్యత ఎక్కడిదని కొందరు అంటున్నారు. ఆ వాదన నాకు మింగుడుపడడం లేదు.

మొదటి సమాధానం

దారిన పోయేవారు నంబరు ప్లేటును చూసి మరుక్షణం మరచిపోతారు. అదే నెలల తరబడి నమోదైన వివరాలను వరుసగా పేర్చి చూస్తే, ఆ వాహనదారు ఏ వారం ఏ వేళకు ఎటు వెళ్తాడో, ఎప్పుడు ఆ అలవాటు తప్పాడో అతడిని అడగకుండానే తెలిసిపోతుంది. ఇది ఉత్త అనుమానం కాదు. అమెరికాలో ఈ-జెడ్‌పాస్ అనే ఎలక్ట్రానిక్ టోల్ ట్యాగ్ వివరాలను విడాకుల దావాల్లో సాక్ష్యంగా చూపిన సందర్భాలున్నాయి. హాంకాంగ్‌లో 1983 నుంచి 1985 వరకు ఎలక్ట్రానిక్ రహదారి రుసుమును ప్రయోగాత్మకంగా నడిపి చివరకు విరమించుకున్నారు. తమ కదలికలపై ప్రభుత్వం కన్నేస్తుందన్న భయం అప్పటి అభ్యంతరాలలో ముఖ్యమైనది. సింగపూర్ 1998లో తెచ్చిన పద్ధతిలో మాత్రం, వాహనంలోని పరికరంలో ఉంచిన కార్డులో ముందే నింపుకున్న సొమ్ము నుంచి రుసుము అక్కడికక్కడే తగ్గేది. అంటే, డబ్బు వసూలు చేయడానికి ఎవరెవరు ఎప్పుడు వెళ్లారో రాసిపెట్టుకోవడం తప్పనిసరి కాదు.

రెండవ సమాధానం

నేను దీనితో పూర్తిగా ఏకీభవించలేను. ఒకసారి ఒకే ప్రయాణానికి నా ఖాతాలో రెండుసార్లు కోత పడింది. గేటు, సమయం నమోదై ఉన్నందువల్లే ఆ సొమ్మును తిరిగి రాబట్టుకోగలిగాను. ఏ ఆధారమూ మిగల్చని వ్యవస్థలో నష్టపోయేది వాహనదారే.

మొదటి సమాధానం ఇచ్చినవారు

మీ అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఫిర్యాదుకు గడువు ఉన్నట్టే ఆ వివరాలకూ గడువు ఉండాలి. అది ముగిశాక ట్యాగ్ సంఖ్యను తుడిచేసి, రద్దీ లెక్కలకు వాహనాల సంఖ్యను మాత్రం ఉంచుకోవచ్చు. గడువులోపల కూడా ఆ వివరాలు ఎవరి చేతికి వెళ్లవచ్చో చట్టమే చెప్పాలి. 2005లో ఉపగ్రహాల సాయంతో లారీల నుంచి టోల్ వసూలు మొదలుపెట్టిన జర్మనీ, ఆ వివరాలను టోల్ పనికి తప్ప మరిదేనికీ వాడరాదని, ఇతర చట్టాల కింద స్వాధీనం చేసుకోవడమూ కుదరదని చట్టంలోనే రాసుకుంది.

రెండవ సమాధానం ఇచ్చినవారు

గడువు సంగతి ఒప్పుకుంటాను. నేరం చేసి పారిపోతున్న వాహనం విషయంలోనూ పోలీసులకు తలుపు మూసేయాలన్న మాట దగ్గర మాత్రం ఆగిపోతున్నాను. కోర్టు అనుమతితో, ఒక్క వాహనానికి పరిమితమై అడిగితే ఇవ్వడంలో తప్పు నాకు కనిపించడం లేదు.