తాతగారి చైనా, ఫ్రెంచి పింగాణీ ప్రదర్శన: చీటీల మీద ఏమి రాయాలి?

ప్రశ్న (పెదవాల్తేరు, విశాఖపట్నం):
నమస్కారం. ఓడరేవులో ఉద్యోగం చేసిన మా తాతగారు సేకరించిన ఆరు నీలి చిత్రాల చైనా పళ్ళేలు, ఒక ఫ్రెంచి కప్పు, సాసరు మా ఇంట్లో ఉన్నాయి. పళ్ళేల అడుగున ఉన్న ఆరు అక్షరాలు మింగ్ వంశపు చెంగ్‌హువా చక్రవర్తి (1465–1487) కాలాన్ని తెలుపుతాయని తెలిసినవారు చదివి చెప్పారు. కప్పు అడుగున పెనవేసుకున్న రెండు ‘ఎల్’ అక్షరాలున్నాయి. సంక్రాంతికి మా అపార్టుమెంటు హాలులో వీటిని ప్రదర్శించాలనుకుంటున్నాము. చీటీల మీద ఈ కాలాలే రాయవచ్చా? సముద్రపు గాలి వీటికి హాని చేస్తుందా?

మొదటి జవాబు:
ముద్రను చూసి కాలం రాయకండి. పూర్వుల పనితనంపై గౌరవంతో చైనాలోని పింగాణీ పట్టణమైన జింగ్‌దెజెన్ కుమ్మరులు కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో (1662–1722) కూడా చెంగ్‌హువా ముద్ర వేసేవారు, ఆ తరువాతి వారూ వేశారు. పూత అంటని అడుగు అంచును పగటి వెలుగులో చూడండి. మట్టి రంగు, నునుపు, బట్టీలో అంటిన ఇసుక అక్షరాలకన్నా నమ్మదగిన సాక్ష్యాలు. ప్రస్తుతానికి ‘చెంగ్‌హువా ముద్ర గల పళ్ళెం, కాలం నిర్ధారణ కావలసి ఉంది’ అని రాయడమే న్యాయం.

రెండవ జవాబు:
కప్పు విషయం ఇంకా చిక్కైనది. ఫ్రాన్సులోని వాన్సెన్‌లో మొదలై 1756లో సేవ్ర్‌ అనే ఊరికి తరలిన రాజ పింగాణీ కార్ఖానా ముద్ర అది. 1753 నుండి ఆ అక్షరాల నడుమ సంవత్సరాన్ని సూచించే అక్షరం కూడా వేశారు. ఫ్రాన్సులోనే లిమోజ్ సమీపంలో 1768లో కయొలిన్ (గట్టి పింగాణీకి కావలసిన తెల్లమట్టి) దొరికేవరకు ఆ కార్ఖానాలో చేసినది కయొలిన్ లేని మెత్తని రకం పింగాణీయే. అయితే 1800 తరువాత కార్ఖానా అధిపతి బ్రోంన్యార్ హయాంలో, చిత్రాలు వేయని పాత మెత్తని పింగాణీని కార్ఖానా అమ్మివేయగా, కొన్నవారు బయట రంగులు వేయించారు. కాబట్టి కప్పు అసలుదై, దాని మీది చిత్రం తరువాతిది కావచ్చు. వీలైతే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని సేవ్ర్ వస్తువులను ముందుగా చూసి రండి.

మూడవ జవాబు:
ఉప్పుగాలి పింగాణీని ఏమీ చేయదు. పాత అతుకుల జిగురు మాత్రం మన ఉక్కకు వదులవుతుంది. అతినీలలోహిత టార్చి వేస్తే చాలా అతుకులు వేరే రంగులో మెరుస్తాయి. పళ్ళేలకు తీగ కొక్కేలు వద్దు, అంచులు పెచ్చులూడతాయి. కింద అద్దం పెడితే వస్తువు తాకకుండానే ముద్ర కనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
టార్చి వేసి చూశాను. కప్పు పిడి మొదట్లో పసుపు గీత మెరిసింది.

మూడవ జవాబు ఇచ్చినవారు:
అయితే పిడి ఒకప్పుడు విరిగి అతికించినదే కావచ్చు. ఇకపై కప్పును పిడి పట్టుకుని ఎత్తకండి, రెండు చేతులతో అడుగు పట్టి తీయండి. అతుకు సంగతిని చీటీలోనూ రాయండి.