విండోస్ 10 లాప్‌టాప్: మార్చేయాలా, లినక్స్ వేయాలా?
అందరికీ నమస్కారం. మా నాన్నగారి లాప్‌టాప్ విషయంలో సలహా కావాలి. 2017లో కొన్నాం. ఇంటెల్ 7వ తరం ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. కీబోర్డు మీద ‘ఎ’ అక్షరం అరిగిపోయింది తప్ప ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. పింఛను కాగితాలు, బ్యాంకు పనులు అన్నీ అందులోనే.

విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి కదా. “ఇక ఆ లాప్‌టాప్‌లు ఆన్ కావు” అని ఎవరో వాట్సాప్‌లో పంపితే నాన్నగారు రెండు రోజులు టెన్షన్ పడ్డారు. అది వట్టి పుకారని నచ్చజెప్పి, 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చే పథకంలో చేర్చాను.

ఆ తర్వాత ఏం చేయాలి? విండోస్ 11కి సాధారణంగా 8వ తరం ప్రాసెసర్ ఉండాలి, మాది ఒక్క మెట్టు తక్కువ. ప్రాసెసర్ సరిపోతుందా లేదా అని విండోస్ 11 చేసే చెకింగ్‌ను దాటించి వేస్తానని షాపతను అంటున్నాడు. బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌లో అలా చేయించడానికి నాకు మనసొప్పడం లేదు.

ఇలాంటి పాత లాప్‌టాప్‌లో విండోస్‌కు బదులుగా వాడే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి పెద్దవాళ్లకు ఇచ్చినవారు ఎవరైనా ఉన్నారా? తెలుగు టైపింగ్, పాత ప్రింటరు ఇబ్బంది పెట్టాయా? వాళ్లకు అలవాటు కావడానికి ఎన్నాళ్లు పట్టింది?